సిఫారసు వచ్చిన రోజు వెలిగిన భట్టీ

సిల్తారాలో నాన్న పనిచేసే ఫౌండ్రీలో సిమెంటు మిల్లులకు ఉక్కు గుండ్లు పోసేవారు. సున్నపురాయిని పిండి చేసే గుండ్లవి. బయటి దేశం వాళ్లు అవే గుండ్లను తమ ఊళ్లో అమ్మే ధరకన్నా తక్కువకి ఇక్కడ దించడం మొదలుపెట్టాక, మా గోడ అవతలి సిమెంటు మిల్లు కూడా వాటినే కొన్నది. ఉక్కు కరిగించే మా భట్టీ ఆగిపోయింది. ఫౌండ్రీలన్నీ కలిసి ఢిల్లీలో కేసు వేశాయి, ఇది డంపింగ్, అదనపు పన్ను వేయండి అని.

శంకర్ నగర్‌లో మా ఫౌండ్రీ ఆఫీసు ఉండేది. నేను అందులో కొత్తగా చేరి కేసు పని చూసేవాణ్ణి. విచారణ వీడియోలో జరిగింది. దిగుమతిదారుల లాయరు మా గుండ్లు త్వరగా పగులుతాయన్నాడు. నాకు ఒళ్లు మండింది. మ్యూట్ తీసి తగువుకి దిగితే మా లాయరే నన్ను కాల్‌లోంచి తీయించేశాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న నవ్వాడు. "ఆ లాయరు నెత్తి మీద మన గుండొకటి ఏసి సూడమను. ఏది పగులుద్దో."

చివరికి అన్నం తింటుండగా ఫోన్‌లో కనబడింది, పన్ను వేయమని సిఫారసు. ఫౌండ్రీ గ్రూపులో పెట్టాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, మంచి కబురు వచ్చిన రోజే భట్టీ వెలిగించాలి, వాయిదా వేస్తే అచ్చిరాదంటారు. నాన్న అప్పటికే లోపల తెల్ల పొడి దట్టించి కొత్త లైనింగ్ కట్టి ఉంచాడు. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయ కట్టారు, వెలిగించారు. సిఫారసు చేసేది ఒక ఆఫీసు, పన్ను వేసేది ఇంకో శాఖ, మూడు నెలల్లో వాళ్లు ఉత్తర్వు ఇవ్వకపోతే సిఫారసు మురిగిపోతుందని లాయరు ఫోన్లో చెప్పాడు. ఫౌండ్రీ యజమాని సేఠ్‌కి స్పీకర్ పెట్టి వినిపించాను. "అరే, సిర్ఫ్ దస్తఖత్ బాకీ హై," సంతకమొక్కటే కదా మిగిలింది అని మిఠాయి డబ్బా నా వైపు తోశాడు.

ఆ సంతకం కోసం నేను పొద్దస్తమానం ఆ శాఖ పేజీ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నాను. ఈలోగా పన్ను పడుతుందన్న భయంతో మిల్లులు బయటి గుండ్లనే లారీలకి లారీలు దించి నింపేసుకున్నాయి. మేం పోసినవి షెడ్డులో తుప్పు పట్టాయి. భట్టీ మళ్లీ చల్లారింది.

గడువు దాటిన పొద్దున నాన్న అడిగాడు.

"ఏటన్నారు? వద్దన్నారా?"

"వద్దని కూడా అనలేదు నాన్నా. ఏమీ రాయలేదు."

"మరి మనం గెలిచేం గదరా."

"గెలిచాం."

ఢిల్లీ లాయరుకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన అంతా విని, దీన్ని కోర్టులో సవాలు చేయొచ్చన్నాడు. సేఠ్‌కి ఇక ఓపిక లేదు. భట్టీని అమ్మకానికి పెట్టాడు.

మర్నాడు నాన్న సుత్తీ ఉలీ సంచిలో వేసుకుంటుంటే ఎక్కడికని కసిరాను. లైనింగ్ పగలగొట్టడానికట. ఇంక ఎవరు వెలిగిస్తారని అడ్డం నిలబడ్డాను.

"సల్లబడిన లైనింగ్‌కి సెమ్మ పడితే లోపలి రాగి కాయిల్ పాడవుద్ది," అన్నాడు నన్ను పక్కకి జరుపుతూ. "కొనీవోడికి అదైనా మిగలాల గదా."

సాయంత్రం కనుబొమ్మల దాకా తెల్ల పొడితో తిరిగొచ్చాడు. బకెట్ నీళ్లు సరిపోలేదు. ఇంకొకటి పట్టి ఇచ్చాను.