ఫోటోలో మిగిలిన భుజం

అద్దంకిలో మా దరఖాస్తులు పెట్టే ఇంటర్నెట్ సెంటర్ అమ్మాయికి ఒక అలవాటుండేది. ఎవరి కాగితమైనా స్కాన్ కాగానే ముందు దాన్ని వాళ్ల చేతిలో పెట్టి, తర్వాతే కంప్యూటర్ వైపు తిరిగేది.

ఒకరోజు మిరప కోతల నుంచి ఒకావిడ వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో పనికి వెబ్‌సైట్‌లో ఫోటో పెట్టడానికి అదే ఆఖరి రోజు. ఘాటుకు ఆవిడ కళ్లు వాచిపోయాయి. అక్కడే తీసిన ఫోటోను, కళ్లు కనబడటం లేదంటూ సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. ఇక మిగిలింది భర్తతో దిగిన పాత ఫోటో. అమ్మాయి దాన్ని స్కాన్ చేసి ఆవిడ చేతికిచ్చి, తెర మీద భర్త బొమ్మను కత్తిరించబోయింది.

"ఆయన గుంటూరు ఆస్పత్రిలో ఉంటే ఇక్కడ ఆయన్ని కోసేస్తావా తల్లీ? నాకొద్దు!" అని ఆవిడ లేచింది.

పక్కనే నా వంతు కోసం కూర్చున్న నేను ఊరుకుంటానా? "బొమ్మ కోస్తే మనిషికేమవుద్దమ్మా? వట్టి మూఢనమ్మకం!" అని అందుకున్నాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్లిపోయింది.

"మీరు కాసేపు ఆగండి మాస్టారూ," అంటూ ఆ అమ్మాయి ఆవిడ వెనకే వెళ్లింది. "అక్కా, బావ నీ చేతిలోనే ఉన్నాడుగా, చూడు. నేను కోసేది కంప్యూటర్లో నకలు. అందులోనూ ఆయన భుజం ఉంచుతాలే, రా."

ఆవిడ తిరిగొచ్చి కూర్చుంది. ఈసారి ఫోటోను సైటు ఒప్పుకుంది. తెర మీద తన ముఖం పక్కనున్న నీలం చొక్కా భుజాన్ని ఆవిడ వేలితో తాకి చూసుకుంది.

నేనన్నదాంట్లో తప్పు లేదని ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఆ రోజు నేనింకా మాట్లాడుతూనే ఉంటే ఆవిడ దరఖాస్తు వెళ్లేది కాదు.