కొబ్బరికాయ దగ్గర సరిపోయింది

టీచరమ్మ పోయారని ఎల్లారెడ్డిలోని వాళ్లింటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కామారెడ్డిలో, నా దుకాణంలో, వీసీఆర్ మూత విప్పి లోపల దూదితో తుడుస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడి భార్య. "పొద్దుగాల చాయ్ ఇద్దామని పోతే లేవలేదు తమ్మీ. నిద్రలనే పోయింది" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. చూపు ముందుగా బల్ల సొరుగు మీదికి పోయింది. టీచరమ్మకు ఇవ్వాల్సిన పెన్ డ్రైవ్ అందులోనే ఉంది. వానాకాలం మొదట్లో సిద్ధం చేసి పెట్టింది, చలి మొదలైనా అక్కడే ఉంది.

ఆమె మాకు ఎల్లారెడ్డి బడిలో తెలుగు చెప్పారు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు దెబ్బతిన్నాయట. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదానికి మిషను. ఎదుటివాళ్ల పెదవులు చూసి, చెవికి అందిన కాస్త శబ్దాన్ని దానికి కలుపుకుని మాట పట్టుకునేవారు. "సగం కన్నుతోని, సగం చెవితోని ఇంట" అని ఆమే చెప్పేవారు. ఈ సంగతి తెలియని కొత్త పిల్లలు, టీచర్‌కు వినపడదు కదా అని వెనక బెంచీలో ఇష్టమొచ్చినట్టు గుసగుసలాడేవాళ్లు. ఆమె బోర్డు దగ్గర నుంచే "కోడిని కోసిన ముచ్చట ఇంటికి పోయినంక చెప్పుకోండ్రి, ముందుగాల పద్యం సదువుండ్రి" అనేవారు. బెంచీ మొత్తం నోరు మూసుకునేది.

ఒకసారి నేను పక్కవాడితో ఆకలవుతోందని గొణిగాను. గంట కొట్టగానే నన్ను పిలిచి, తన డబ్బాలోని జొన్నరొట్టె సగం తుంచి చేతిలో పెట్టారు. "ఆకలి సంగతి వాని చెవుల ఊదితే ఏమొస్తది? నాకు చెప్పాలె. నా మొకం చూసి మాట్లాడు" అన్నారు. ఆ చివరి మాట మేము రోజూ వినేదే. తల దించుకుని జవాబు చెప్పినా అదే, కిటికీలోకి చూస్తూ చెప్పినా అదే. మేము ఆమె గొంతు పెట్టి ఆ మాట అనుకుని నవ్వుకునేవాళ్లం. మా ముఖాలు కనబడకపోతే ఆమెకు మా మాట సగమే అందుతుందని అప్పట్లో ఒక్కరికీ తట్టలేదు.

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు కామారెడ్డి వచ్చేవారు. బస్సెక్కగానే మిషను తీసి డబ్బీలో పెట్టుకోవడం ఆమె అలవాటు. "బస్సు లొల్లి ఇననీకి బ్యాటరీ ఎందుకు కరాబు చేసుడు?" అనేవారు. దిగాక మళ్లీ పెట్టుకుని, చీర కొంగు సర్దుకుని, అప్పుడు దుకాణంలోకి అడుగుపెట్టేవారు.

పోయిన ఎండాకాలం అలాగే వచ్చారు. గుడ్డ సంచిలో మామిడికాయలు, వాటి కింద తువ్వాలలో చుట్టిన పాత క్యాసెట్. వాళ్ల ఇంటి గృహప్రవేశం క్యాసెట్ అది. అందులో ఆమె అక్క ఉంది. తల్లి పోయాక టీచరమ్మనూ తమ్ముడినీ పెంచింది ఆ అక్కే. భోజనాల వేళ అరుగు మీద కూర్చుని చెల్లెలితో ఏదో అంటుంది. ఆ మరుసటేడే చనిపోయిందట. ఇంట్లో వీసీఆర్ చెడిపోయాక ఆ క్యాసెట్ చూసినవాళ్లు లేరు.

"ఏమన్నదో యాదికి లేదురా. మొకం పక్కకున్నది, పెదవులు సగమే కానొస్తయి. మిగిలిన సగం చెవే అందియ్యాలె. ఈ చెవి గూడ పోతున్నదని డాక్టర్ చెప్పిండు. ఉన్నప్పుడే మా అక్క మాట ఒక్కసారి ఇంట" అన్నారు.

పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి ఇవ్వడం నా పనే కాబట్టి, ఇదెంతసేపు అనుకున్నాను. క్యాసెట్‌ను కంప్యూటర్‌కు అందించే నా క్యాప్చర్ కార్డుకు శబ్దం వెళ్లే పిన్ను విరిగి చాలా రోజులైంది. కొత్తది కొనకుండా బొమ్మను కార్డులోంచి, శబ్దాన్ని విడిగా కంప్యూటర్ మైకు పిన్నులోంచి తీసుకుంటూ నెట్టుకొస్తున్నాను. అలా తీస్తే బొమ్మ ఒక గడియారం చూసుకుని, శబ్దం ఇంకో గడియారం చూసుకుని నడుస్తాయి. అప్పటిదాకా నాకు దాంతో ఇబ్బంది రాలేదు. ఎందుకంటే మేము పెళ్లిళ్ల వీడియోల వాళ్లం. చేతిలో పడ్డ ప్రతి క్యాసెట్‌కూ సినిమా పాటలు అతికిస్తాం. పాట మోగుతుంటే కింద మాటలు ఎప్పుడొచ్చినా అడిగేవాళ్లుండరు.

గడప దగ్గర కొబ్బరికాయ కొట్టే చోట చప్పుడు కొంచెం ముందుగా వచ్చింది. దాన్ని వెనక్కి జరిపి, కాయ పగలడానికీ చప్పుడుకీ కలిపాను. కొబ్బరికాయ దగ్గర సరిపోతే వీడియో అంతా సరిపోయినట్టేనని మా పనివాళ్ల లెక్క. చివరిదాకా చూడలేదు.

టీచరమ్మ మళ్లీ వచ్చి, కుర్చీని టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చున్నారు. అక్క కనబడగానే ముందుకు వంగారు. "మళ్ల పెట్టురా" అన్నారు. పెట్టాను. ఇంకోసారి పెట్టమన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"మా అక్క నోరు ఒకటంటున్నది, మాట ఇంకోటొస్తున్నది. మాటే ముందుగాల వచ్చి పోతున్నది."

దుకాణంలో పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చిన ఇద్దరున్నారు. వాళ్ల ముందు నా పనిలో తప్పుందని ఒప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది. "వీడియో మంచిగనే ఉన్నది టీచర్. మీ మిషనే పాతదైంది, శబ్దం సరిగ్గ పడ్తలేదు" అని, చెవి దగ్గర చెయ్యి తిప్పి చూపిస్తూ గట్టిగా చెప్పాను. వాళ్లలో ఒకడు పక్కవాడితో, పెదవి కదిలీ కదలనట్టు, "చెవిటామెకు గవన్నీ ఏం తెలుస్తయి" అన్నాడు. నేను నవ్వాను. పెద్ద నవ్వు కాదు, గిరాకీ పోకుండా నవ్వే నవ్వు. నవ్వుతూనే టీచరమ్మ వైపు చూశాను. ఆమె టీవీ చూడడం లేదు. ఆ మనిషి పెదవులు చూసి, అప్పుడు నా పెదవులు చూశారు.

"అయితే అయ్యుంటది తియ్. ఈ చెవిని నమ్ముకొని నేనేం కొట్లాడుత" అన్నారు. మిషను తీసి డబ్బీలో పెట్టుకున్నారు. నేను వీడియో ఎక్కించిచ్చిన పెన్ డ్రైవ్ కొంగున ముడేసుకున్నారు. బస్సు ఇంకా ఎక్కలేదు, మిషను మాత్రం డబ్బీలోకి పోయింది. అది కూడా నేను చూశాను.

కొన్ని వారాల తర్వాత, కంప్యూటర్ నిండిపోయిందని పాత వీడియోలు తీసేస్తుంటే టీచరమ్మ ఇంటి గృహప్రవేశం చివరిదాకా నడిచింది. వడ్డించే చోట ఒకావిడ చేతిలోంచి అన్నం గంజు మూత జారిపడుతుంది. మూత ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది, పడ్డ చప్పుడు మాత్రం అయిపోయింది. నా చెవులు వేడెక్కాయి.

మొదట కొబ్బరికాయ దగ్గర, చివర మూత దగ్గర, రెండు చోట్లా చూడాల్సింది. తేడా అంతటా ఒకేలా ఉంటే శబ్దాన్ని జరిపితే చాలు. పోనుపోను పెరుగుతుంటే ఎంత జరిపినా లాభం లేదు, మొత్తం శబ్దాన్ని ఆ మేరకు సాగదీయాలి. సాగదీశాను. కొబ్బరికాయ దగ్గర సరిపోయింది, మూత దగ్గరా సరిపోయింది, మధ్యలో అక్క పెదవులూ మాటా కలిశాయి. ఆమె ఏమందో నేను స్పష్టంగా విన్నాను. వినాల్సింది నేను కాదు.

సరిచేసిన వీడియోను ఇంకో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఆ రోజే ఎల్లారెడ్డి బస్సెక్కాల్సింది. ఎక్కలేదు. పెన్ డ్రైవ్ ఇస్తే తప్పు మీ చెవిది కాదని చెప్పాలి. మరి ఆ నవ్వుకు ఏం చెప్పాలి? ఫోన్లో చెబుదామంటే ఆమెకు ఫోన్లో వినపడదు. ఎదురుగా కూర్చుని, ముఖం చూసే చెప్పాలి. ముహూర్తాలున్నాయి, వానలున్నాయి, దుకాణం చూసుకునేవాళ్లు లేరు అని నాకు నేనే చెప్పుకున్నాను. అవి ఆమెకు చెప్పి ఉంటే, నా నోరు పూర్తిగా తెరవకముందే అబద్ధమని పట్టుకునేవారు.

అంత్యక్రియలకు పోయాను. తమ్ముడి భార్య నన్ను పక్కకు పిలిచి మాట్లాడింది. "నీ దగ్గరికెల్లి వచ్చినసంది మిషను పెట్టుకోలే తమ్మీ. 'నా చెవే తప్పు ఇంటున్నదంట, ఇగ దీనితోని ఏం పని' అన్నది. పిలవాల్నంటే ఎదురుంగ పోయి నిలబడుడే."

"నా గురించి ఏమన్నరక్కా?"

"ఏమంటది? మా పిలగాడు మంచిగ చేసిండనే చెప్పింది అందరికి."

తిట్టినా బాగుండేది. "తప్పు ఆమె చెవిది కాదక్కా, నాది" అన్నాను. "గా మాట ఆమెకు చెప్పాల్సింది" అంది.

కర్మ అయ్యాక సొరుగులోని పెన్ డ్రైవ్ తీసుకుని మళ్లీ వెళ్లాను. వాళ్ల టీవీకి పెట్టాను. టీవీ కింద అరలో మిషను డబ్బీ ఉంది, బ్యాటరీ విడిగా పక్కన పెట్టి ఉంది. తమ్ముడు, ఆయన భార్య చాప మీద కూర్చున్నారు. తెర మీద అరుగు, అరుగు మీద అక్క. అక్క వైపు వీపు పెట్టి, గరిటె పట్టుకుని బంతిలో వడ్డిస్తున్న టీచరమ్మ, ఇంకా నల్లటి జుట్టుతో.

"అందరికి పెట్టుడేనా, నువ్వు తిన్నవా?" అంటుంది అక్క. చెల్లెలికి వినపడదు. అక్క చెయ్యి చాచి ఆమె కొంగు పట్టి లాగుతుంది. "ఇటు తిరుగవే. నా మొకం చూసి మాట్లాడు."

పెదవీ మాటా ఒక్కసారే వచ్చాయి. తమ్ముడు తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. టీచరమ్మ గరిటె పట్టుకునే వెనక్కి తిరుగుతారు. కెమెరా అక్క పక్కనే ఉంది కాబట్టి ఆమె చూపు నేరుగా మా మీదికే వస్తుంది. నేను తల దించుకున్నాను.