ద్రౌపదిని కృష్ణమ్మకు అప్పగించిన మేడమ్

మొన్న మంగళవారం మధ్యాహ్నం అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. జావా నోట్సులు అచ్చేసే షాపు అది. మా పనికి మాత్రం లోపలున్న పెద్ద మిషన్ మీద నిలువెత్తు కాగితాలు తీసిస్తారు. ఆ రోజు ఒక తోలుబొమ్మ ఫోటో, సీతది, అసలు సైజులో ప్రింటవుతోంది. ఫోన్ చేసింది మా ఆఫీసు ఫోటోగ్రాఫర్. ఆయన్ని మేమంతా భాయ్ అనే పిలుస్తాం.

"ఏడున్నవ్ బేటా? జర కూసో," అన్నాడు. "మేడమ్ పోయిన్రు."

ఎక్కడికి పోయారని అడిగాను. నిజంగానే అడిగాను. సీత జడ దగ్గర రంగు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకు రమ్మని ఆ పొద్దునే నన్ను పంపించిన మనిషి ఆవిడ. ఆఫీసు కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని పక్కకు ఒరిగిపోయారనీ, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారనీ భాయ్ చెప్పాడు.

మిషన్ ఆగలేదు. సీత నడుము, పాదాలు మెల్లగా బయటికి వస్తున్నాయి. షాపతను నా ముఖం చూసి ఏమైందక్కా అన్నాడు. చెప్పాను. అతనికీ మేడమ్ తెలుసు. కాగితాన్ని చుట్ట చుట్టి, చేతిలో పట్టుకుని, "గివి ఇగ ఎవరికియ్యాలె మరి?" అన్నాడు. చుట్ట తీసుకుని పంజాగుట్ట దాకా నడిచాను. దారి గుర్తు లేదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నప్పుడు కూడా, రాశాక ఆవిడకు చూపించాలి, తప్పులు దిద్దుతారు అనే అనిపిస్తోంది.

మేడమ్ మ్యూజియంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఒక ట్రస్టు వాళ్లు, తాము సేకరించిన తోలుబొమ్మలన్నిటినీ ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టిస్తామంటే ఆ పని నెత్తికెత్తుకున్నారు. పంజాగుట్టలో ఒక టిఫిన్ సెంటరు పైన రెండు గదులు మా ఆఫీసు. నేను ఖమ్మం నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికేదాకా అనుకుని అందులో చేరాను. తర్వాత మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఇంట్లో అడిగితే మేడమ్ పేరే చెప్పేదాన్ని.

ఆ వయసులో ఆవిడ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరారు. మొదటి రోజు కౌంటర్లో ఉన్న అమ్మాయి, "కోర్సు బాబుకా అండీ, పాపకా?" అని అడిగిందట. "నాకేనమ్మా. ముందు వరసలో కూర్చోబెట్టు, చూపు ఆనదు," అన్నారట. ఈ సంగతి మాకు చెప్పి తనే నవ్వేవారు. ఆ క్లాసులో పిల్లలు చాలాకాలం ఆవిడ టిఫిన్ డబ్బాలోంచే తిన్నారని మాత్రం భాయ్ చెబితేనే తెలిసింది.

నేను చేరిన కొత్తలో ఒక బొమ్మను స్కానర్ మీద పరిచి స్కాన్ చేశాను. ఎండిన తోలు ముక్కలా వచ్చింది. మేడమ్ కిటికీకి తెల్లటి పంచె కట్టించి, బొమ్మను దానికి ఆనించి, వెనక దీపం పెట్టించారు. ఎరుపు, పచ్చ, నలుపు, చెవి కమ్మల్లో పొడిచిన సన్నటి చిల్లులు, అన్నీ ఒక్కసారిగా లేచాయి. "ముందు నుంచి చూస్తే మేకతోలు. వెనక వెలుగుంటే దేవుడు. దేన్ని ఎలా చూడాలో అది కూడా దాచాలమ్మా, లేకపోతే మనం దాచింది తోలే," అన్నారు.

ఫోటోలు దాచే హార్డ్ డిస్కుల విషయంలో ఆవిడకు మరీ చాదస్తం. "రెండు చోట్ల లేనిదాన్ని ఉందనకు" అనేవారు. ఒక కాపీ ఆఫీసులో, ఒకటి ఇంట్లో, ఇంకొకటి పాత నూలు చీర ముక్కలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో. ఎర్రగడ్డ రైతు బజారులో కూరలు కొంటున్నా అది భుజానే ఉండేది.

ఇంత చాదస్తం ఉన్న మనిషి గనుకనే, ద్రౌపది విషయంలో ఆవిడ చేసిన పనికి మేమంతా నిర్ఘాంతపోయాం.

గుంటూరు వైపు నుంచి బొమ్మలాట ఆడే పెద్దవయసు భార్యాభర్తలు తమ ఇంటి బొమ్మల్ని ఫోటోల కోసం తెచ్చారు. వాటిలో ద్రౌపది అన్నిటికంటే పాతది. మోచేయి దగ్గర చిరిగింది, ముఖం మీద పగుళ్లు. దాన్ని మ్యూజియానికి ఇచ్చేయమని, అద్దాల పెట్టెలో పెడతామని ట్రస్టు కార్యదర్శి అడిగారు. ఆ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆడలేని బొమ్మని ఇంట్లో ఉంచుకోమండి. పసుపు కుంకుమలిచ్చి కృష్ణలో వదిలేస్తాం. మా అమ్మనీ అట్టాగే సాగనంపామండి," అన్నాడు.

"ఇంత పాత బొమ్మని నీళ్లపాలు చేస్తారా? మీరైనా చెప్పండి మేడమ్," అన్నారు కార్యదర్శి.

మేడమ్ చాలాసేపు ద్రౌపది వంకే చూశారు. అప్పుడు ఆ పెద్దాయనతో, "కొన్నాళ్లు నా దగ్గర ఉండనిస్తారా? తర్వాత మీ అమ్మాయిని మీకు అప్పజెబుతాను," అన్నారు.

కార్యదర్శి లేచి నిలబడ్డారు. వస్తువులు కాపాడమని మిమ్మల్ని పెట్టుకుంటే మీరే పోగొడతారా అన్నారు. "ఆమె వస్తువైతే కాపాడేదాన్నే. వాళ్లింటి మనిషంటున్నారు కదండీ," అన్నారు మేడమ్. బాధ్యత మీదే అన్నారాయన. నాదే అన్నారీవిడ. ఆ రోజు నేను కార్యదర్శి వైపే ఉన్నాను. భాయ్ కూడా, "ఏంది మేడమ్, గింత మెహనత్ జేసి నీళ్లల్ల ఏస్తరా?" అని గొణిగాడు.

తర్వాత ఆవిడ మా చేత చేయించిన పని అంతా ఇంతా కాదు. ద్రౌపదిని కీలు కీలుకూ విడదీసి, ప్రతి ముక్కకూ ముందు, వెనక, వెలుగులో ఫోటోలు. తర్వాత ఆ భార్యాభర్తలను పిలిపించి, ద్రౌపది సభకొచ్చే పాట పాడించి రికార్డు చేయించారు. ఆఖరిసారి ఆ చినిగిన చేతితోనే ఆమెను ఆడించారు వాళ్లు. కెమెరా వెనక భాయ్ ముక్కు ఎగబీల్చడం ఆ రికార్డులో వినిపిస్తుంది. తీసేద్దామంటే మేడమ్ ఒప్పుకోలేదు.

నదికి వాళ్లతోపాటు మేడమ్ ఒక్కరే వెళ్లారు. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగితే, "బాగా జరిగింది" అన్నారంతే.

కొన్ని నెలలకు ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. సైట్లో ఉన్న ద్రౌపది ఫోటోలు అసలు సైజులో కాగితం మీద కావాలన్నాడు. ఆ కాగితాలు పరుచుకుని, కొత్త తోలు మీద గీతలు దించి, చిల్లులు పొడిచి, కొత్త ద్రౌపదిని చేశాడు. ఆ వార్త విన్న రోజు మేడమ్ కింద టిఫిన్ సెంటర్ నుంచి అందరికీ మైసూర్ బజ్జీలు తెప్పించారు. ఆ తర్వాతే సీత కూడా కావాలన్నాడు. కొత్త ద్రౌపది మొదటి ఆట ఈ ఆదివారం మా ఆఫీసు మేడ మీదే పెట్టుకున్నాం. తెర కట్టే గుంజలు కూడా మేడమే చూసి వచ్చారు.

బుధవారం పంజాగుట్ట శ్మశానంలో అంతా అయిపోయి, మేము గేటు బయట నిలబడి ఉండగా ఆ భార్యాభర్తలు బస్సు దిగి వచ్చారు. ఆలస్యమైంది. ఇద్దరూ చేతులు కట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయారు. రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. భాయ్ వాళ్లకు టీ తెచ్చిచ్చాడు. పెద్దాయన గ్లాసు పట్టుకున్నాడే గాని తాగలేదు. మాట్లాడింది ఆయన భార్య.

"ఆ రోజు ఏటికాడ సంగతి మీకు చెప్పారా అమ్మగారు?"

లేదన్నాను.

"మా ఆయనా నేనూ బొమ్మని నీళ్ల మీద వదిలేసి గట్టెక్కామమ్మా. అమ్మగారు మాత్రం దాని ఒక చెయ్యి పట్టుకునే ఉన్నారు. లాగట్లేదు, వదలట్లేదు. ఏరు అటు పోతా ఉంటే, ఆవిడా దాని పక్కనే నడిచారు. చీర తడిసిపోయింది. మోకాళ్లు దాటాయి నీళ్లు, నడుం దాకా వచ్చాయి. అమ్మా, వచ్చేయండమ్మా అని మేం గట్టు మీంచి కేకలేస్తన్నాం. ఆవిడ మాకేసి చూళ్లేదు. ఆడపిల్లని బండెక్కించి పక్కనే నడిచినట్టు, దాంతో ఏదో మాట్లాడుకుంటా అట్టా నడిచి నడిచి, అప్పుడు వదిలారు."