నాలుగు జవాబుల్లో కాపురం

మా తమ్ముడు ఎల్లాజీని ఎవరైనా పిచ్చిమాలోకం అంటే నాకు ఒళ్ళు మండుకొచ్చేది. నేను అనొచ్చు. రోజూ అనేదాన్ని కూడా. తోడబుట్టినదాన్ని, నాకు హక్కుంది. మధ్యలో ఊళ్ళోవాళ్ళకేం పట్టింది? నాగలి కట్టి పొలంలోకి పంపితే వీడు సగం చాలులో ఆగిపోయి మబ్బులకేసి చూస్తాడనీ, పొద్దు వాలాక ఎడ్లే వీణ్ణి ఇంటికి తోలుకొస్తాయనీ మా వీధిలో ఒకటే వేళాకోళం. అది అబద్ధమైతే ఎదురు తిరిగి నాలుగు కడిగేద్దును. నిజమే కాబట్టి నోరు మూసుకోవలసి వచ్చేది.

మాది చీపురుపల్లికి నడిచి పోగలిగేంత దూరంలో ఉన్న పల్లె. కాస్త వరి, మిగిలిందంతా మెట్ట. చోళ్ళు, నువ్వులు, గోగు. నన్ను ఆ ఊళ్ళోనే పక్కవీధికి ఇచ్చారు కాబట్టి అత్తవారింట్లో పనులు తెముల్చుకుని మధ్యాహ్నానికల్లా పుట్టింట్లో వాలేదాన్ని. నా చదువు ఎనిమిదితో సరి. ఎల్లాజీ ఎస్సెల్సీ దాకా వెళ్ళి లెక్కల దగ్గర ఆగిపోయాడు. మిగతావన్నీ పాసు, లెక్కలు ఒక్కటే తప్పు. అదీ రెండుసార్లు.

లెక్కలు రాక తప్పాడనుకుంటే మీరు పొరబడ్డట్టే. వాడి జబ్బు వేరు. ఒక తొట్టిని కుళాయి నాలుగు గంటల్లో నింపుతుంది, అడుగున ఉన్న చిల్లు ఆరు గంటల్లో ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పటికి నిండుతుంది అని పుస్తకంలో ఉంటుంది కదా. ఎవరైనా ఏం చేస్తారు? లెక్క కడతారు. వీడు ఆ తొట్టి ఉన్న పెరట్లోకి వెళ్ళిపోతాడు. చిల్లులోంచి కారిన నీళ్ళు సన్నటి కాలువ కట్టి ఎటు పోతున్నాయో చూస్తూ నడుస్తాడు. ఆ నీళ్ళ చివర ఒక అరటిమొక్క ఉంటుంది. దాని మొదట్లో చల్లటి తడిమట్టిలో ఒక కోడిపెట్ట కళ్ళు మూసుకుని పడుకుని ఉంటుంది. వీడు దాని పక్కన కూర్చుంటాడు. ఈలోగా పరీక్ష గంట కొట్టేస్తారు.

"ఆ సిల్లు ఆ ఇంటోళ్ళు మూసీసుకోవచ్చు కదప్పా? ఎందుకు మూసుకోలేదో తెలిస్తే లెక్క సేసీద్దునని సూస్తన్నాను," అన్నాడు మొదటిసారి తప్పినప్పుడు.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ పిలుపుతో వాడు నన్ను సగం కరిగించేసేవాడు. మిగిలిన సగంతో తిట్టేదాన్ని.

రెండోసారి తప్పాక చినబాబు మావ వచ్చాడు. మా అమ్మకి తమ్ముడు, నెల్లిమర్లలో జనపనార మిల్లులో పనిచేసేవాడు. మంచి మనిషి, మంచికే చెప్పాడు.

"బావా, కుర్రోల్ని తీసుకుంటన్నారు. గుంటణ్ణి నాతో పంపీ. వాడి కడుపుకీ నీ కడుపుకీ సల్లగా ఉంటాది."

మా అయ్య జగన్నాధం చుట్ట ఆర్పి ఆలోచించాడు. "మార్చి పరీచ్చ ఒక్కటీ సూద్దాం బావా. పాసయితే మేష్టరు ట్రైనింగుకి పంపుతాను. తప్పినాడంటే మరి నీ ఎనకే."

అదీ ఒప్పందం. మిల్లులో పనెలా ఉంటుందని నేను మావను అడిగాను. అడగకపోయినా బాగుండును. "మిసను పళ్ళెట్టుకుని తిరగతా ఉంటాదే నారాయణమ్మా. దాని ఏపే సూడాల. కన్ను తిప్పకూడదు," అన్నాడు గర్వంగా. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. మిల్లుదీ తప్పు కాదు, మావదీ తప్పు కాదు. ఎంతమంది ఆ పని చేసుకుని పిల్లల్ని పెంచుకోవడం లేదు? కానీ సగం చాలులో కలగనేవాడిని ఎడ్లయితే క్షమిస్తాయి, ఇనుము క్షమిస్తుందా? నాకు ఎంతసేపూ వాడి కుడిచెయ్యే కళ్ళముందు ఆడేది. ఆ మాట పైకి అంటే అపశకునమని అమ్మతో కూడా అనలేదు.

సరిగ్గా అప్పుడే లెక్కల్లో బిట్ పేపరని ఒకటి కొత్తగా వచ్చింది. ప్రశ్న కింద నాలుగు జవాబులు వాళ్ళే అచ్చువేసి ఇస్తారు, సరైనదాని పక్కన టిక్కు పెడితే చాలు. మా అయ్య చచ్చినా నమ్మలేదు.

"జవాబులు ఆలే రాసిచ్చీసిన తరవాత మరింక పరీచ్చ ఏటిరా?"

"నాలుగిస్తారయ్యా. అందులో మూడు తప్పుడివి."

"తప్పని తెలిసీ అచ్చేస్తారేటి? గవర్మెంటోళ్ళకి పనిలేదేటిరా!"

హైస్కూల్లో లెక్కలు చెప్పే నరసింగరావు మేష్టరు మాత్రం, "మీ తమ్ముడికి ఇది వరం అమ్మా. జవాబు వాడికి తెలుసు, రాసేలోగా ఎక్కడికో పోతాడు. ఇక్కడ రాసేదేం లేదు, టిక్కు పెట్టి ముందుకు పోవడమే," అని ఒక బిట్ల పుస్తకం చేతిలో పెట్టారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచునని ఊరికే అన్నారా?

ఊరికి పడమట ఒక తాటితోపు ఉండేది. మాఘం వెళ్ళిపోయి ఎండ ముదరబోతున్న రోజులు. అక్కడ మధ్యాహ్నం వేళ గాలికి తాటాకులు గలగలమంటూనే ఉండేవి. దూరంగా చీపురుపల్లి స్టేషన్లో ఆగిన బండి పొగ ఎటూ పోకుండా కొండ పక్కన చాలాసేపు అలా వేలాడేది. ఎల్లాజీ ఇసుకలో వెల్లకిలా పడుకునేవాడు. నేను చేటలో చింతపండు పెట్టుకుని పిక్క తీస్తూ బిట్లు చదివేదాన్ని. మొదటిరోజే నాకు సంగతి అర్థమైపోయింది. ఇదివరకు వీడికి లెక్కకి ఒక్క ఇల్లే. ఇప్పుడు నాలుగు.

"ఒక నూతిని సోమయ్య పది రోజుల్లో తవ్వుతాడు, కామయ్య పదిహేను రోజుల్లో తవ్వుతాడు. ఇద్దరూ కలిస్తే ఎన్నాళ్ళు? ఎ నాలుగు, బి అయిదు, సి ఆరు, డి ఎనిమిది," అని చదివాను.

"ఆరప్పా." రెప్ప వాల్చేలోగా చెప్పాడు.

"నా తండ్రే! టిక్కు పెట్టీ మరి."

"పెడతాను గాని... ఎనిమిది ఎందుకెట్టినారంటావు? ఎనిమిదయినాదంటే మద్దిలో పనాగుంటాది. కామయ్యకి జొరమొచ్చుంటాది. సోమయ్య ఒక్కడూ గట్టు మీద కూకుని ఆడి కోసం దారి సూస్తా ఉంటాడు." వాడి కళ్ళు తాటాకుల మీద నుంచి ఎక్కడికో పోయాయి. "నాలుగయితే మరీ బాగున్నాదప్పా. నీరు పైకే ఉన్నాదన్నమాట. అది మంచి ఊరు."

"ఒరే, అది ఊరు కాదురా, తప్పు జవాబు!"

"తప్పని మనం కొట్టీసినామంటే ఆ ఊరోళ్ళు ఏటైపోతారే?"

ఏం చెప్పమంటారు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. నూతిలోకే తోసేస్తానన్నాను. ఏ నూతిలోకి, నాలుగు రోజులదా ఎనిమిది రోజులదా అని వాడు నిజంగానే అడిగాడు. నవ్వాగలేదు, కోపమూ ఆగలేదు.

ఒకరోజు ఇంకా ఘోరం జరిగింది. ఒక వర్తకుడు మేకను ఇరవై రూపాయలకు కొని ఇరవై అయిదుకు అమ్మాడు, లాభమెంత అని బిట్టు. పసిపిల్లలు కూడా చెప్తారు. వీడు 'ఒకటి' దగ్గర టిక్కు పెట్టాడు. ఇదేమిటి, బుర్ర పూర్తిగా పోయిందా అనుకున్నాను. తీరా చూస్తే వాడు మా కళ్ళంలో ఉన్నాడు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మా అయ్య ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, అలా. ఏడు అనే మాట ఏడుపులా ఉంటుందని దాన్ని ఆరున్నొకటి అంటాడు. వీడికి పుస్తకంలో 'లాభమెంత' అని కనబడగానే అయ్య గొంతు వినబడిపోయిందట.

"కొత్త దాన్యం వాసన కూడా ఏసినాదప్పా," అన్నాడు.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే మా అయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆపేశాడు. "ఈడికి మిల్లే రాసిపెట్టున్నాదే," అన్నాడు మెల్లగా. అమ్మ పొయ్యి దగ్గర కళ్ళు వత్తుకుంది. పొగ వల్ల అంది. నేను మాత్రం ఆరున్నొక్కరాగం అందుకోవడం ఒక్కటే తక్కువ.

పరీక్ష ఇంకా కొద్దిరోజులుందనగా మావ మళ్ళీ వచ్చాడు. వస్తూ ఎల్లాజీకి ఒక ఖాకీ చొక్కా తెచ్చాడు, పొట్టిచేతులది. "అక్కడ పొడుగు సేతులు ఏసుకోనివ్వరు, మిసన్లో పడిపోతాయి," అన్నాడు మామూలుగా. ఎల్లాజీ వెంటనే తొడుక్కుని మురిసిపోయాడు. అదే చొక్కాతో తోపుకి వచ్చాడు.

నేను బిట్టు చదివాను. వాడు వినలేదు. ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు. గీత పక్కన గీత, మధ్యలో ఒక చుక్క. ఎవరి ఇంట్లో ఉన్నాడో, ఏ పెరట్లో ఉన్నాడో. మోచెయ్యి దాకా బోసిగా ఉన్న ఆ చేతికేసి చూశాను. తిట్టడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. నా నోరు ఊరందరికీ తెలుసు, అది నన్ను మోసం చెయ్యడం అదే మొదటిసారి. కన్నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. తుడుచుకుని, చేట ఎత్తుకుని, ఒక్క మాటైనా అనకుండా ఇంటికి వెళ్ళిపోయాను. వాడు తల ఎత్తలేదు, చూసి ఉండడనే అనుకున్నాను.

పరీక్ష నాడు చీపురుపల్లి దాకా వాడి వెంట నేనే వెళ్ళాను. ఒంటరిగా పంపితే దారిలో ఏ గట్టు మీదైనా కూర్చుండిపోతాడని భయం. వాడు లోపలికి వెళ్ళాక బడి గోడ నీడలో కూర్చున్నాను. పక్కన ఎవరో తల్లి కొడుకు కోసం సత్తు డబ్బాలో పెరుగన్నం పట్టుకుని కూర్చుంది. నేను మా ఊరి అమ్మవారికి కోడిని మొక్కుకున్నాను. తరువాత ఒకటి చాలదనిపించి ఇంకోటి కలిపాను. గంట కొట్టారు. పిల్లలంతా గోలగోలగా వచ్చేశారు. వీడు ఆఖరున వచ్చాడు.

"రాసేవా?"

"రాసేను."

"బిట్లో?"

"అన్నీ పెట్టీసినానప్పా."

అన్నీనా! నాకు నమ్మకం కుదరలేదు. దారి పొడుగునా వాడు మబ్బులకేసి చూడలేదు, పిట్టలకేసి చూడలేదు. మోపు మోసినవాడిలా కాళ్ళకేసి చూసుకుంటూ నడిచాడు. గంగలో కలిసిందిరా భగవంతుడా అనుకున్నాను.

పాసయ్యాడు. పేపర్లో నంబరు చూసి నరసింగరావు మేష్టరే సైకిలు మీద వచ్చి చెప్పారు. అమ్మ అందరి నోట్లోనూ బెల్లంముక్క పెట్టింది, సైకిలు దిగని మేష్టరి నోట్లో కూడా. మా అయ్య వీధంతా తిరిగి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. మావ కబురు తెలిసి వచ్చి, "ఓరి నీ అసాద్యం కూలా, మేష్టరివైపోతన్నావురా!" అని వీపు మీద చరిచాడు. తరువాత వాడు ట్రైనింగుకి వెళ్ళడం, మేష్టరు కావడం, కొండ దిగువ పల్లెలో బడి చెప్పడం అన్నీ జరిగాయి. అవి వాణ్ణి అడిగితే వాడే చెప్తాడు, తీరిగ్గా, తెల్లారేదాకా.

నేను చెప్పేది వాడు పాసయిన రోజు సాయంత్రం మాట. ఇంట్లో సందడి తగ్గాక చూస్తే ఎల్లాజీ లేడు. ఎక్కడుంటాడో నాకు తెలియదా? తోపులో ఉన్నాడు. పొద్దు గుంకబోతోంది, తాటిచెట్ల నీడలు పొలాల మీదుగా చాలా దూరం పోయాయి. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఒరే, నిజం సెప్పు. అన్ని బిట్లూ ఎలా పెట్టేవురా? నాలుగిళ్ళకీ ఎల్లకండా ఎలాగ ఉన్నావు?"

"ఎల్లేనప్పా. ప్రతిదాన్లోకీ ఎల్లేను. ఏ జవాబులోకి ఎల్లినా వాకిట్లో నువ్వు నిలబడున్నావు."

"తిడతానేటి?"

"తిడితే లోనకి ఎల్లిపోదును. నాకలవాటే కదా. తిట్టలేదు. నోరిప్పలేదు. ఆ రోజు సేట పట్టుకుని ఎల్లిపోనావు సూడు, అలాగ, కన్నీళ్ళెట్టుకుని ఊరికే నిలబడ్డావు. ఏ ఇంటికి ఎల్లినా అంతే. ఇంక నానేటి సేసేది? టిక్కు పెట్టీసి గబగబా బయటికి వొచ్చీసేను."

చూశాడన్నమాట. అప్పుడు తల ఎత్తకుండానే అంతా చూశాడు. వీడి కోసం నేను భయపడ్డాననుకున్నాను ఇన్నాళ్ళూ. నా భయాన్ని చూసి, నా కోసం, వాడు తనకు ఇష్టమైన ఇళ్ళన్నీ గుమ్మంలోంచే వదిలేసి వచ్చాడు. అన్నన్ని ఇళ్ళు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె నీరవుతుంది.

"ఒక్కదాని కాడ మాత్రం శానా బాదేసినాదప్పా," అన్నాడు. "ఇద్దరు ఆడోళ్ళు. సెరో ఊరి నుంచీ ఒకే దారిని ఎదురెదురుగా బయల్దేరేరు. ఎప్పుడు కలుస్తారని. టైము పెట్టీసి వొచ్చీసేను. ఆలు కలిసినది సూడనేదు."

మామూలుగా అయితే, నీ మొహంలే, లేచి రా, అన్నం చల్లారిపోతోంది అని ఉందును. ఆ రోజు కూడా ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కొండ పక్కన బండి పొగ ఎర్రగా వెలుగుతోంది. నేను కాళ్ళు చాపుకుని, వాడిలాగే ఇసుకలో చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను.

"ఇప్పుడు నేను వాకిట్లో లేను కదా," అన్నాను. "ఎల్లి సూడు. కలిసి ఏటి మాటాడుకుంటన్నారు?"

ఎల్లాజీ నావైపు తిరిగాడు. పొద్దున్న నంబరు ఉందని మేష్టరు చెప్పినప్పుడు కూడా వాడి మొహంలో అంత సంబరం లేదు.