నిమ్మకాయలు దాటి ఆగని బండి

చక్రాల కింద నిమ్మకాయలు పగిలిన చప్పుడు విని బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. పెడలు కాలికింద గట్టిగానే తగులుతోంది, బండి మాత్రం వాకిలి వాలులో రోడ్డు వైపు జారుతూనే ఉంది. ఇంకా బలంగా తొక్కాను. అయినా ఆగదే! చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది. కారు ఒక్క కుదుపుతో ఆగింది. కణేకల్ వైపు నుంచి వచ్చిన వరిగడ్డి లారీ ఒకటి బంపరు ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"ఏమ్మా, యాడికి పోతాండావు? ఆపు!" మామ కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని అరిచాడు.

"తొక్కినా ఆగల్యా మామా!"

ఆ రోజు ఆయుధపూజ. పూజ కాగానే పిల్లలిద్దరినీ ఎక్కించుకుని గుంతకల్లు పోవాలి. అక్కడ రైల్వేలో పనిచేసే వాళ్ల నాన్నకు పండక్కి సెలవు దొరకలేదు. హారతి ఇచ్చేటప్పుడు పిల్లలు బండి ముందరే గంతులేస్తున్నారు. మా అత్త ఇద్దరినీ రెక్క పట్టుకుని పక్కకు లాగింది. "నిమ్మకాయ పగిలేదాక బండి ముందర ఎవురూ నిలబడగూడదు" అంది. ప్రతి పండక్కీ వినే మాటే అది. ఏదో ఆచారంలే అనుకునేదాన్ని.

ముందురోజు సాయంత్రం చక్రాలు తుడిచింది నేనే. మా ఊళ్లో పైపు పెట్టి కారు కడిగేంత నీళ్లు ఎవరికుంటాయి? ఒక బకెట్టు, పాతగుడ్డలు, అంతే. బ్రేకులు అరిగి రాలే నల్లటి పొడి చక్రాలకు మసిలాగా పట్టి ఉంటుంది. పొడిగా దులిపితే ఊపిరిలోకి పోతుందని భయం నాకు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పిల్లల్ని అరుగు దిగనివ్వకుండా, తడిగుడ్డతో మెల్లగా తీశాను. చక్రాల సందుల్లోంచి లోపలి బ్రేకు డిస్కుల మీద కూడా నీళ్లు పడ్డాయి. తెల్లవారేసరికి వాటికి పల్చగా ఎర్రతుప్పు పట్టింది. అది మామూలే, కాస్త దూరం నడిపితే పోతుంది. అందుకే నేను పట్టించుకోలేదు. నా ఏడేళ్ల కూతురు పట్టించుకుంది.

కారు దిగి ముందుచక్రం దగ్గర కూర్చుని చూస్తే డిస్కు నిగనిగలాడుతోంది. వేలితో తాకి వాసన చూశాను. శెనక్కాయ నూనె.

"ఎవరు పూసినారు ఇది?" పిల్లల వైపు తిరిగి అడిగాను.

"నేనే అమ్మా. తుప్పు పట్టిందని నువ్వు బాధపడతావని. పూజకు తాత కొడవళ్లకి పూసినాడు కదా, ఆ గిన్నెలోదే. నాలుగు చక్రాలకీ సందులోంచి గుడ్డ దూర్చి పూసినా."

"గిన్నె పట్టుకునింది నేను!" తన వాటా ఎక్కడ పోతుందో అని చిన్నవాడు అందుకున్నాడు.

కొట్టడానికి చెయ్యి లేచింది. అంతలో మామ పెద్దగా నవ్వాడు. "కొడవలికి పూసేది చూపిస్తే కారుకు పూసిందే! రేపు నా మోకాళ్లకి గూడా పూయి పాపా, అవీ తుప్పు పట్టుండాయి." లేచిన చెయ్యి కిందికి దిగింది.

మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి డిస్కులు శుభ్రం చేశాడు. "డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు నూనె తాగినాయక్కా, ఇంక పనికిరావు. హ్యాండ్‌బ్రేకు లోపల వేరేగా ఉంటాది, దానికి నూనె అంటలేదు కాబట్టే బండి ఆగింది" అని కొత్తవి వేశాడు. వాకిట్లోనే బండిని ముందుకీ వెనక్కీ నడిపి చూపించాడు. అయినా అత్త ఊరుకోలేదు, మళ్లీ నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. ఈసారి నేనే పిల్లల్ని పక్కకు పంపించాను. బ్రేకు తొక్కిన చోటే బండి ఆగింది. ప్రయాణం మాత్రం మర్నాటికి పడింది.

పండగ అయి వారమైంది, పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. భయపడే అలవాటు నాది. అదే లారీల రోడ్డు మీద, పిల్లలు వెనక సీట్లో ఉండగా జరిగి ఉంటే అని మొదలుపెడితే ఇంక నిద్ర రాదు. కానీ రోజూ ఆ భయం వెనకాలే అత్త చెయ్యి గుర్తొస్తుంది, వాళ్ల రెక్కలు పట్టుకుని పక్కకు లాగిన ఆ చెయ్యి. దాన్ని కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. ఆమెతో ఈ మాట అంటే నవ్వుతుంది, అందుకే అనలేదు.

పండగ మర్నాడు పొద్దున గుంతకల్లు బయల్దేరే ముందు పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"కొడవలికి నూనె పూస్తే మంచిదే. బ్రేకు మాత్రం గరుగ్గా పట్టుకుంటేనే బండి ఆగుతాది, దానికి పూయగూడదు. నిన్న అడగ్గానే దాచకుండా చెప్పినారు, అందుకే ఏం చెడిందో తెలిసింది. ఎప్పుడు ఏం చేసినా అట్లనే చెప్పండి, నేను కొట్టను. ఇంకమీద చక్రాలు తుడిచేటప్పుడు మీరు అరుగు మీద కూర్చుని, యాడ నలుపు మిగిలిందో చూసి నాకు చెప్పాల" అన్నాను.