గుమ్మం బయటి జత

పడుకోబోయే ముందు అతను చెప్పులు విడిచి, మట్టి దులిపి, తువ్వాలులో చుట్టి తలకింద పెట్టుకుంటాడు. వీధిలో పడుకునేవాడికి అదే దిండు, అదే తాళం. నీడలేనివాళ్ళ రాత్రి బసలో ఉన్న కొన్నాళ్ళూ అంతే. అక్కడ తెల్లారకముందే లేపేసేవారు. కళ్ళు తెరవకుండానే చెయ్యి తలకింద తడుముకునేది.

వీధి మలుపులో చెప్పులు కుడతాడు. అందరికీ బాబాయ్. కుట్టినవి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు గుమ్మాల బయట విడిచిన చెప్పుల్ని చూస్తూ నిలబడిపోయేవాడు. ఒకదానిమీద ఒకటి ఎక్కినవి, బోర్లాపడినవి. ఎక్కడ కుట్టు వదిలిందో చూస్తున్నాడనుకునేవారు. అతను చూసేది, వాటిని అలా బయట వదిలేసి లోపలికి పోగల ధీమాని.

అతనికీ ఒకప్పుడు గుమ్మం ఉండేది. భార్య చెప్పులు అతని చెప్పుల్ని ఒరుసుకుని ఉండేవి. ఆమె జబ్బు మొదట ఆ గుమ్మాన్నీ, తర్వాత ఆమెనీ తీసుకుపోయింది.

ఒక సంఘం నాలుగు వీధుల అవతల ఇల్లులేనివాళ్ళకి గదులు కట్టింది. ఒకసారి చేరితే మళ్ళీ పొమ్మనేవాళ్ళుండరు. అయితే గది ఖర్చులో కొంత ఆ మనిషిని ఎరిగిన వీధివాళ్ళు నెలాఖరులోగా పోగుచేయాలి. లేకపోతే గది ఇంకొకరికి.

మలుపులో అతని పక్కనే ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె నడుం బిగించింది. "చెయ్యి చాపడం నీ వల్ల కాదు కదా బాబాయ్. పాత చెప్పులు అడుగుదాం. నువ్వు బాగుచెయ్యి, ఆదివారం అమ్ముదాం."

గోనెసంచులు నిండాయి. అతను అరిగిన అడుగులు మార్చాడు, పట్టీలు కుట్టాడు, మెరుగుపెట్టాడు. ఆదివారం బండి ముందు చాప పరిచి జతలు పేర్చాడు. జనం వచ్చారు, వంగి చూశారు, మెచ్చుకున్నారు, వెళ్ళిపోయారు. ఇంకొకరు తొడిగి వదిలిన చెప్పులో ఎవరు కాలు పెడతారు? ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తట్టాల్సింది. ఆశ కళ్ళకు గంతలు కట్టింది.

"నా బుర్ర తగలెయ్య," అంది ఆమె.

"నీదీ నాదీ ఒకే బట్టీలో కాల్చినట్టున్నారు తల్లీ."

మిట్టమధ్యాహ్నం మందుల షాపాయన ఒక జత చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి నావేనా?"

"మీవే."

"ఇంత బాగుంటే ఎందుకిచ్చానయ్యా?"

"ఇచ్చినప్పుడు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి సార్."

"నావి నేనే కొనుక్కోవాలా?"

"వద్దులెండి," అంది ఇస్త్రీ ఆమె. "కాళ్ళు ఎలాగూ మీవే. అవి పట్టుకెళ్ళండి, చెప్పులిక్కడ వదిలేయండి."

ఆయన నవ్వి డబ్బు తీశాడు. ఆ మాట మేడలెక్కింది. ఒక్కొక్కరే దిగివచ్చారు. తమ చెప్పులకే బేరమాడినవాళ్ళూ ఉన్నారు. పొద్దు వాలేసరికి చాప ఖాళీ అయింది.

గది చిన్నది. తలుపుకి లోపల గొళ్ళెం ఉంది. చేరిన రోజు సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడిచాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. మళ్ళీ విడిచి, పక్కన ఇంకో జతకి చోటు వదిలి, గోడవారగా పెట్టాడు. తలుపు వేసుకున్నాడు. తలకింద ఎత్తు లేక నిద్ర సరిగా పట్టలేదు.

మర్నాడు పొద్దున తలుపు తీశాడు. ఉన్నాయి. వంగి, వంకరగా ఉన్నదాన్ని సరిచేశాడు. తొడుక్కోలేదు. బయటి గొళ్ళెం పెట్టి, వట్టి కాళ్ళతో మలుపు దాకా నడిచి వచ్చాడు.

ఇస్త్రీ ఆమె బొగ్గులు రాజేస్తూ అతని కాళ్ళకేసి చూసింది.

"అయ్యో బాబాయ్! మొదటి రాత్రే ఎత్తుకుపోయారా?"

"లేదమ్మా," అన్నాడు సంచి దించుకుంటూ. "ఇంటి దగ్గరున్నాయి."