కొట్టేసిన వాక్యం

ఖతార్‌లో, ముఐథర్ నుంచి దోహా వెళ్ళే బస్సులో, ఇళ్ళలో పనిచేసే కడప ఆవిడ నా పక్కన కూర్చుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, ఇంగ్లీషు కాగితమొకటి చేతిలో పెట్టింది.

"కొంచెం చదువక్కా. సంతకం పెట్టమని మా ఆయప్ప పంపినాడు."

అది భార్యాభర్తలిద్దరి సమ్మతితో విడాకులు కోరే పిటిషన్. అర్థం చెబుతూ, "ఏడాదికి పైగా వేరుగా ఉంటున్నాం" అనగానే ఆపింది.

"ఇల్లు కట్టుకుందామని ఆయప్పే కదక్కా నన్ను ఈడికి పంపిచ్చింది! అది వేరుగా ఉన్నట్లెట్లయితాది?"

చట్టానికి ఆ మాట కావాలని చెప్పాను, సిగ్గుపడుతూనే. "నువ్వు ఒప్పుకోకపోతే ఇది చెల్లదమ్మా" అని కూడా అన్నాను.

ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపమంది. పెన్ను అడిగితే, సంతకానికేమో అనుకుని ఇచ్చాను. ఆ ఒక్క వాక్యాన్నే నిదానంగా కొట్టేసి, పెన్ను తిరిగిచ్చి, తన స్టాపులో దిగిపోయింది.